మేడ మీద రేకుల గదికి రూఫ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్: అయిన ఖర్చు, పడ్డ తిప్పలు, వచ్చిన ఫలితం

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. రేకుల గది పైకప్పుకి గాలి లాగే ఫ్యాన్ పెట్టిస్తే ఉక్కపోత తగ్గుతుంది, పొద్దుగూకాక గది త్వరగా చల్లబడుతుంది. అంతేగానీ మే నెల మధ్యాహ్నం రెండింటికి అందులో హాయిగా నిద్రపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫ్యాన్ ఎంత గొప్పదైనా కింద నుంచి గాలి లోపలికి రావడానికి దారి లేకపోతే దండగ. డబ్బులు లెక్కపెట్టుకుని ఖర్చుపెట్టేవాళ్లయితే ఫ్యాన్ దగ్గర కాస్త తగ్గినా పర్లేదు, రేకు కోసి బిగించే మనిషి దగ్గర మాత్రం తగ్గకండి. ఇక వివరాలు.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు. కింద రెండు పోర్షన్లు, పైన స్లాబు, స్లాబు మీద ఒక పక్కగా గోడలు లేపి నీలం రంగు కలర్ కోటెడ్ రేకులు వేసిన గది. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, వాలు లెక్కలోకి తీసుకుంటే సగటున 9 అడుగుల ఎత్తు. మా ఆవిడ అందులో మిషన్లు పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడుతుంది, ఇద్దరు అమ్మాయిలు పనికి వస్తారు. ఇస్త్రీ టేబుల్ కూడా అక్కడే. అంటే పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా మనుషులు అందులో కూర్చుని పని చేయాలి. బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రేకుల కింద కూర్చునే మనుషుల సంగతేంటో ఆ సామెత చెప్పినవాళ్లు చెప్పలేదు.

ఏసీ పెట్టొచ్చు కదా అని అందరూ అడిగారు. రేకుకీ గోడకీ మధ్య సందులు, పది నిమిషాలకోసారి తలుపు తీసి వచ్చే కస్టమర్లు, పైన ఇన్సులేషన్ లేని రేకు. ఆ గదిలో ఏసీ నడిపితే వచ్చే కరెంటు బిల్లుకి బ్లౌజుల మీద సంపాదన మొత్తం పోతుంది. అందుకే ముందు వేడిగాలిని బయటికి పంపే దారి చూద్దామనుకున్నాం.

మొదట పెట్టించింది టర్బో వెంటిలేటర్. ఫ్యాక్టరీల మీద, గోడౌన్ల మీద గుండ్రంగా మెరుస్తూ తిరుగుతుంటుంది చూడండి, అదే. కరెంటు అక్కర్లేదు. బయట గాలి రెక్కలకి తగిలితే దాని గుండ్రటి తల తిరుగుతుంది, తిరిగేకొద్దీ లోపలి వేడిగాలిని పైకి లాగుతుంది. 24 అంగుళాల సైజు, అల్యూమినియం రెక్కలు, కింద ఫైబర్ బేస్ ప్లేట్, అన్నీ కలిపి 4,200 రూపాయలు, బిగింపు కూలి విడిగా 1,500. కరెంటు బిల్లు సున్నా, మెయింటెనెన్స్ సున్నా, గది ఏడెనిమిది డిగ్రీలు తగ్గుతుందని అమ్మినతను చెప్పాడు. ఆటోనగర్‌లో ఒక షెడ్డు మీద వరసగా తిరుగుతున్నవి చూపించాడు కూడా.

ఫ్యాక్టరీ షెడ్డు మీద అది బాగా పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. అక్కడ కప్పు ఇరవై ముప్ఫై అడుగుల ఎత్తులో ఉంటుంది, పెద్ద గేట్లు బార్లా తెరిచి ఉంటాయి, చుట్టూ ఖాళీ స్థలం. వేడిగాలి తేలిక కాబట్టి ఎత్తు ఎక్కువున్నకొద్దీ దానంతటదే జోరుగా పైకి పోతుంది, టర్బో ఆ పనికి సాయం చేస్తుంది. మా గది ఎత్తు 9 అడుగులు. చుట్టూ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు. గాలి వీస్తే కదా తిరగడానికి! ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడమటి గాడ్పు కొట్టినప్పుడు గిర్రున తిరిగేది, అప్పుడు లోపలికి వచ్చేది కూడా ఆ వడగాలే. మనకి నిజంగా కావాల్సింది సాయంత్రం ఏడు తర్వాత, ఆకు కూడా కదలని టైములో. అప్పుడు మాత్రం నిలబడిపోయి ఉండేది.

ఇంకో సంగతి కూడా గమనించా. తల తిరుగుతోంది కదా అని గాలి పోతోందని అనుకోకూడదు. బేరింగ్ కొత్తది కాబట్టి చిన్న గాలికే తిరుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నిచ్చెన వేసుకుని బొక్క దగ్గర అగరుబత్తి పట్టుకుని చూశా. పొగ నింపాదిగా, ఏ తొందరా లేకుండా పైకి పోయింది. అంటే అసలేమీ చేయట్లేదని కాదు, చేసేది బాగా తక్కువ. మా గదికి దానికి నేనిచ్చే మార్కులు ఐదుకి రెండు. ఆ రెండూ కూడా కరెంటు పోయినప్పుడు ఎంతో కొంత పనిచేస్తుందని, బేస్ ప్లేట్ ఫైబర్‌ది కావడంతో కాస్త వెలుతురు లోపలికి వస్తుందని.

తర్వాత దానికి పక్కన కరెంటుతో నడిచే రూఫ్ ఎగ్జాస్ట్ పెట్టించాం. ఇది రెడీమేడ్‌గా పెద్ద కంపెనీలవి దొరుకుతాయి గానీ ఇళ్లకి సరిపోయే చిన్న సైజుల్లో మన దగ్గర షాపుల్లో స్టాకు ఉండటం తక్కువ. అందుకని ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేటర్ చేత జీఐ (జింక్ పూత ఉన్న ఇనుము) షీటుతో టోపీ, నాలుగు పక్కలా ఆరంగుళాల గట్టు, దాంట్లో ఫ్రేము చేయించి, 12 అంగుళాల హెవీ డ్యూటీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొని అందులో పడుకోబెట్టి బిగించాం. ఫ్యాన్, టోపీ, జాలీ, వైరింగు, కూలి అన్నీ కలిపి 9,800 అయింది. ఫ్యాన్ బ్రాండు ఏదని అడగొద్దు. పేరున్న నాలుగైదు కంపెనీల్లో ఏది కొన్నా గాలి లాగడంలో పెద్ద తేడా ఉండదు, చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది బేరింగులు. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ గోడకి నిలువుగా పెట్టేలా చేస్తారు, దాని షాఫ్ట్ అడ్డంగా ఉంటుంది. పైకప్పులో పడుకోబెట్టినప్పుడు షాఫ్ట్ నిలువుగా నిలబడుతుంది, బరువంతా ఒక చివర మీద పడుతుంది. బాల్ బేరింగ్ బదులు బుష్ (షాఫ్ట్ తిరిగే ఒట్టి లోహపు గొట్టం) ఉన్న చవక ఫ్యాన్లు ఇలా పెడితే నూనె కారిపోయి, కీచుమంటూ త్వరగా పోతాయి. బాల్ బేరింగ్ ఉందా, ఏ కోణంలో అయినా పెట్టొచ్చా అని అడిగి, డబ్బా మీదో లోపలి కాగితంలోనో చూసి తీసుకోండి. షాపులో కుర్రాడు అన్నిటికీ "ఉంటుంది సార్" అంటాడు.

రెండోది స్పీడు. 900 ఆర్‌పీఎం, 1400 ఆర్‌పీఎం అని రెండు రకాలు. 1400ది గాలి ఎక్కువే లాగుతుంది, మోత కూడా ఎక్కువే. పైగా కింద రేకు ఉంది, ప్రతి అదురూ గదంతా వినపడుతుంది. మనుషులు కూర్చునే గదికి 900 చాలు. గోడకి తిప్పే రెగ్యులేటర్ పెట్టి తగ్గించుకుంటాంలే అనుకోకండి, హెవీ డ్యూటీ మోటార్లు చాలావాటికి అది పడదు, వేడెక్కిపోతాయి.

మూడోది మోటారు తట్టుకోగల వేడి. మామూలుగా మోటార్లు చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటుందన్న లెక్కతో తయారవుతాయి. మే నెలలో రేకు కింద, టోపీ లోపల ఉండే వేడికి ఆ లెక్క పనికిరాదు. ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్ అని రాసి ఉన్నది దొరికితే రెండు మూడొందలు ఎక్కువైనా అదే కొనండి.

సైజు ఎలా లెక్కేయాలి అంటే, 12 ఇంటూ 18 ఇంటూ 9, దగ్గర దగ్గర 1,950 ఘనపుటడుగులు, అంటే 55 ఘనమీటర్లు. మా ఫ్యాన్ లేబుల్ మీద గంటకి 1,200 ఘనమీటర్లు అని ఉంది. కాగితం లెక్కన గదిలో గాలి మొత్తం గంటకి ఇరవైసార్లు పైగా మారిపోవాలి. కానీ ఆ అంకె ఏ అడ్డూ లేకుండా కొలిచింది. పైన టోపీ, మధ్యలో పిట్టల జాలీ, కింద గోడకి గాలి వచ్చేందుకు పెట్టిన, దుమ్ము పట్టిన లూవర్లు (ఏటవాలు పలకల జాలీలు), ఇవన్నీ కలిసి అందులో చాలా భాగం తినేస్తాయి. సగం వస్తుందనుకున్నా గంటకి పదిసార్లు, అది ఇలాంటి గదికి బాగానే సరిపోతుంది. కరెంటు 60 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు వేస్తే అర యూనిట్ కూడా కాదు, నెలకి 15 యూనిట్లలోపే. బిల్లులో కనపడదు.

ఇప్పుడు అసలు విషయం. ఫ్యాన్ పెట్టించిన రోజు సాయంత్రం స్విచ్ వేశాం, శబ్దం వచ్చింది, తలుపు దానంతటదే ధడాలున పడింది, గదిలో మాత్రం తేడా ఏమీ లేదు. బిగించినతనేమో "రేపటికి సెట్టవుద్ది సార్" అన్నాడు. ఫ్యాన్‌లో సెట్టవడానికేముంది! గుడ్డల మీద దుమ్ము పడుతుందని మా ఆవిడ కిటికీ మూసే ఉంచుతుంది. తలుపు కూడా వేస్తే ఇక లోపలికి గాలి వచ్చే దారి లేదు. మూత బిగించిన సీసాలోంచి స్ట్రాతో తాగినట్టే, ఎంత లాగినా రాదు. తలుపు తీస్తే చాలు, ఫ్యాన్ శబ్దమే మారిపోయేది, ఏడుపు మాని సాఫీగా తిరిగేది.

అందుకని ఉత్తరం గోడకి, నేల నుంచి అడుగు ఎత్తులో, రెండడుగుల పొడవు అడుగు వెడల్పుతో రెండు చోట్ల గోడ కొట్టించి అల్యూమినియం లూవర్లు, వెనక దోమల జాలీ పెట్టించాం. మేస్త్రీ కూలితో సహా 3,600. నా దృష్టిలో మొత్తం పనిలో అతి విలువైన ఖర్చు ఇదే. ఫ్యాన్ నోరు ముప్పావు చదరపుటడుగు. లూవర్లు రెండూ కలిపి నాలుగు చదరపుటడుగులు, పలకలూ జాలీ పోగా అందులో సగమన్నా మిగులుతుంది. అంటే ఫ్యాన్ నోటికి రెండున్నర రెట్లు. ఇంతకన్నా తక్కువ పెట్టకండి, ఎందుకంటే దూది పీచు, దుమ్ము పట్టి జాలీ ఎలాగూ మూసుకుపోతూ ఉంటుంది. ఎటువైపు పెట్టాలన్నది కూడా ఆలోచించండి. మధ్యాహ్నం ఎండ తగలని వైపు ఉండాలి, పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎదురుగా ఉండకూడదు, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పక్కన అసలే ఉండకూడదు. కింద నుంచి గాలి వచ్చి మనుషుల మీదుగా ఎదురుమూల పైకి పోవాలి. లూవర్, ఫ్యాన్ ఒకే మూల పెడితే గాలి అటునుంచి అటే పోతుంది, మనకేం మిగలదు.

లూవర్లు పెట్టాక తేడా తెలిసింది. గోడకి తగిలించిన మామూలు థర్మామీటర్‌లో చూసిన అంకెలే చెబుతున్నా, ల్యాబ్ లెక్కలు కావు. బయట 42 ఉన్న మధ్యాహ్నం లోపల ఇంతకుముందు 46 చూపించేది, ఇప్పుడు 43, 44 దగ్గర ఆగుతోంది. బయట ఉన్న గాలినే లోపలికి తెస్తున్నాం కాబట్టి బయటికన్నా చల్లగా అయ్యే ప్రశ్నే లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్ అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పరు. అసలు మార్పు సాయంత్రం. రేకు పొద్దుగూకగానే చల్లబడిపోతుంది గానీ గోడలు, కింద స్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి. ఆ వేడిగాలిని ఎప్పటికప్పుడు లాగేస్తుంటే రాత్రి తొమ్మిదికల్లా గది బయటి చల్లదనానికి దగ్గరకొస్తోంది. ఇస్త్రీ ఆవిరి, పనివాళ్ల ఊపిరి, కొత్త గుడ్డల గంజి వాసన, ఇవన్నీ పోవడం వల్ల కూర్చోబుద్ధేస్తోంది అని మా ఆవిడ అంటోంది. ఆమె మాటే నా థర్మామీటర్ కన్నా నమ్మకం. కరెంటు ఫ్యాన్‌కి, లూవర్లతో కలిపి, ఐదుకి నాలుగు.

అయితే తల మీద వేడి మాత్రం పోలేదు. నేరుగా రేకు నుంచి దిగే వేడి అది, గాలితో పనిలేదు. దానికి మందు పైన తెల్ల పెయింటు. నీలం రేకు మీద వేడిని వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేయించాక, అడుగున చెయ్యి పెడితే చురుక్కుమనే రేకు ఇప్పుడు వెచ్చగా ఉంటోందంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, అందులో ఉన్న సూత్రం కూడా ఇదే, ఎండని పైకప్పు మీదే వెనక్కి పంపేయడం. మనవాళ్లు ఎప్పటినుంచో డాబాల మీద సున్నం కొడుతూనే ఉన్నారు, అదేం కొత్త కాదు. నన్నడిగితే వరస ఇది: చేతిలో మూడు నాలుగు వేలే ఉంటే పెయింటు, ఆ తర్వాత లూవర్లు, ఆ తర్వాత ఫ్యాన్.

ఇక బిగింపు. మొత్తం కథలో నాకు ఒళ్లు మండింది ఇక్కడే. టర్బో బిగించినతను గ్రైండర్‌తో రేకు కోశాడు. కటింగ్ వీల్ తగిలినచోట నిప్పురవ్వలు రేకంతా చిమ్మాయి. ఆ రవ్వలు వేడి ఇనుప రజను, రంగు పూత మీద పడి అంటుకుంటాయి. ఊడవమంటే "వానొస్తే అదే పోద్ది సార్" అన్నాడు. రాత్రి మంచు పడింది, పొద్దున చూస్తే బొక్క చుట్టూ రెండడుగుల మేర గోధుమరంగు చుక్కలు, ఒక్కోటి ఆవగింజంత. వేలితో గీరితే పూత లేచి వచ్చింది. పైగా వీల్ వేడికి కోసిన అంచు వెంట పూత, దాని కింద జింక్ రెండూ కాలిపోతాయి, తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇలాంటి రేకుని షీట్ కత్తెరతోనో, నిబ్లర్ అనే మిషన్‌తోనో కోయాలి. రెండోసారి వచ్చినతను నిబ్లర్ తెచ్చుకున్నాడు. కోసిన అంచుకి జింక్ పెయింటు పూశాడు, అడక్కుండానే రజను బ్రష్‌తో ఊడ్చి కవర్లో వేసుకుపోయాడు. కూలి ఐదొందలు ఎక్కువ తీసుకున్నాడు, ఇంకో ఐదొందలు అడిగినా ఇచ్చేవాణ్ని.

తర్వాత కారడం. జులైలో మొదటి పెద్ద వానకి మిషన్ మీద చుక్కలు పడ్డాయి. చుక్క పడేది టర్బో కింద కాదు, దానికి రెండడుగుల అవతల. మొదట స్క్రూ దగ్గర కారుతోందనుకుని అక్కడ సిలికాన్ రాశారు, ఆగలేదు. టార్చి వేసి చూస్తే నీళ్లు బేస్ ప్లేట్ పైఅంచు దగ్గర లోపలికి దిగి, రేకు అడుగున పాక్కుంటూ వచ్చి, పర్లిన్ (రేకుల్ని మోసే అడ్డ కమ్మీ) తగిలినచోట ఆగి, అక్కడ ఉన్న స్క్రూ మొన మీంచి చుక్కగా పడుతున్నాయి. కారణం చాలా చిన్నది. వాలు పైనుంచి నీళ్లు వస్తాయి కాబట్టి బేస్ ప్లేట్ పైఅంచు, పైనున్న రిడ్జ్ రేకు (కప్పు కొప్పు మీద వేసే రేకు) కిందికి దూరాలి, కిందిఅంచు కింది రేకు మీదికి రావాలి. పెంకులు పేర్చే పద్ధతి కూడా ఇదే, మన తాతల కాలం నుంచి ఉన్నదే. ఇతనేమో నాలుగంచులూ రేకు మీదే పెట్టి, చుట్టూ సిలికాన్ దట్టించి వెళ్లిపోయాడు. సిలికాన్ మే ఎండకి బిగుసుకుని, రేకు సాగి ముడుచుకునే దెబ్బకి ఊడొచ్చింది. ఫోన్ చేస్తే "రేపొస్తా సార్", మళ్లీ చేస్తే "శ్రావణమాసం సార్, పనులెక్కువున్నాయి". రానేలేదు.

ఆ రెండో మనిషే వచ్చి విప్పి, రిడ్జ్ స్క్రూలు వదులు చేసి ప్లేటు కిందికి దూర్చి, మధ్యలో నీళ్లు దిగనివ్వని బ్యూటైల్ టేపు వేసి, రబ్బరు వాషర్లున్న స్క్రూలతో బిగించాడు. స్క్రూలు రేకు గాడిలో కాకుండా మిట్ట మీద కొట్టాడు, గాడిలో నీళ్లు పారతాయి కదా. ఆగస్టు నెలాఖరు, సెప్టెంబరు మొదట్లో, సింగ్‌నగర్ వైపు బుడమేరు నీళ్లు ముంచేసిన 2024 నాటి ఆ వానకి మా గదిలో ఒక్క చుక్క పడలేదు. అంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది.

బరువు సంగతి కూడా. టోపీ, ఫ్యాన్ కలిపితే తేలికేం కాదు, దాన్ని ఒట్టి రేకు మీద నిలబెట్టకూడదు. రెండు పర్లిన్ల మధ్య అడ్డంగా యాంగిల్ ముక్కలు వేసి, ఫ్రేముని వాటికి బోల్టు చేయాలి, మధ్యలో రబ్బరు బుష్‌లు వేయాలి. అప్పుడు అదురు రేకుకి చేరదు, తుఫాను గాలికి టోపీ ఎగిరిపోదు. మన కోస్తాలో తుఫానుల సంగతి తెలిసిందే, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎలాంటి గాలి వీచిందో చూశాం. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు జీఐ కాకుండా అల్యూమినియమో స్టెయిన్‌లెస్ స్టీలో చేయించుకోండి, ఉప్పుగాలికి జీఐ ఎక్కువ కాలం ఆగదు.

కరెంటు పని మీకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, ఫ్యాన్ బిగించేవాళ్ల చేత వద్దు. పైకప్పంతా లోహం. ఫ్యాన్‌లో ఎక్కడైనా వైరు తగిలితే కప్పంతా కరెంటు పాకుతుంది, వాన పడుతుంటే ఇంకా ప్రమాదం. ఎర్తింగ్ తప్పనిసరి, ఫ్రేముకి ఒకటి, రేకుకి ఒకటి. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి, లోడు ఎక్కువైతేనో షార్టయితేనో ఆపే ఎంసీబీ ఒక్కటే చాలదు. వైరు పైపులోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిప్పి పెట్టాలి, అప్పుడు వాననీళ్లు వైరు వెంట లోపలికి పాక్కుంటూ రావు. శుభ్రం చేసేటప్పుడు కిందికి దిగి స్విచ్ కట్టే పనిలేకుండా పైన ఫ్యాన్ పక్కనే ఒక ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా విడగొట్టే స్విచ్) పెట్టించుకుంటే మంచిది.

పావురాల గోల వేరే. జాలీ లేకపోతే ఫ్యాన్ ఆపిన రాత్రే వచ్చి కూర్చుంటాయి. మరీ సన్నటి జాలీ వేస్తే దుమ్ము పట్టి మూసుకుపోతుంది, అరంగుళం గళ్లది సరిపోతుంది. దోమలకి కింద లూవర్ దగ్గర సన్నజాలీ వేసుకోండి, చేతికి అందుతుంది, బ్రష్‌తో దులుపుకోవచ్చు.

ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లకి ఇది మరీ ఉపయోగం. మూసేసిన గదిలో కూలర్ వేస్తే కాసేపటికి తేమ పేరుకుని జిడ్డుగా, ఇంకా ఉక్కగా అయిపోతుంది కదా, పైన ఫ్యాన్ ఆ తడిగాలిని లాగేస్తుంటే కూలర్ చేసే పని తెలుస్తుంది. పొడి ఎండల్లో మాత్రమే సుమా, జూన్ తర్వాత గాలిలోనే తేమ ఉంటుంది, కూలర్ వల్ల లాభం లేదు. ఏసీ గదికైతే పైన ఫ్యాన్ వద్దు, చల్లగాలిని డబ్బులు పెట్టి బయటికి తోసినట్టవుతుంది.

మా బావ మెల్‌బోర్న్‌లో ఉంటాడు, అక్కడ ఇళ్ల మీద ఈ తిరిగే టర్బోలే ఉంటాయి, వర్లీబర్డ్ అంటారు. "మాకు బాగానే పనిచేస్తాయి, నీకేంటి ప్రాబ్లం" అన్నాడు. అక్కడ పైకప్పుకీ సీలింగుకీ మధ్య ఖాళీ జాగా ఉంటుంది, సీలింగు మీద ఇన్సులేషన్ పరిచి ఉంటుంది. టర్బో లాగేది ఆ ఖాళీలో గాలిని, మనుషులుండే గదిలో గాలిని కాదు. మన స్లాబు ఇళ్లకి ఆ ఖాళీయే లేదు. అందుకే వాళ్ల వీడియోలు చూసి ఇక్కడ ఆర్డరు పెట్టేవాళ్లకి ఒక్కటే చెప్పేది, రేకుల కింద ఫాల్స్ సీలింగ్ వేయించుకుని, ఆ మధ్య జాగాకి గాలి వచ్చే సందు వదిలితే తప్ప టర్బో మీద ఆశ పెట్టుకోకండి. అలా వేయిస్తే మాత్రం బాగుంటుంది, మేము కూడా వచ్చే వేసవికి జిప్సమ్ సీలింగ్ వేయించి, ఇప్పుడున్న టర్బోని దానికే వదిలేద్దామని చూస్తున్నాం. థర్మాకోల్ వద్దు, ఇస్త్రీ పెట్టె ఉన్న చోట నిప్పుతో పని.

స్లాబు ఇల్లయితే కప్పుకి బొక్క పెట్టాలన్న ఆలోచనే మానుకోండి. కోర్ కటింగ్‌లో ఊచలు తెగుతాయి, చుట్టూ గట్టు కట్టి వాటర్‌ప్రూఫింగ్ చేసినా ఏదో ఒక వానకి చెమ్మ దిగుతుంది. డాబా మీదికి మెట్లున్న ఇంట్లో వేడిగాలంతా మెట్ల మీదుగా పైకెక్కి మెట్ల గదిలోనే పోగవుతుంది. ఆ మెట్ల గది గోడకి, పైన, మామూలు 12 అంగుళాల ఎగ్జాస్ట్ పెడితే చాలు. మా తమ్ముడి ఇంట్లో అదే చేశాం, రెండు వేల ఐదొందల్లో అయిపోయింది, రాత్రిపూట కింది కిటికీలు తెరిచి అది వేస్తే ఇల్లంతా గాలి కదులుతుంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. పైన ఫ్యాన్ గట్టిగా లాగుతూ ఇంట్లోకి గాలి వచ్చే దారి లేకపోతే గీజర్ పొగ బయటికి పోకుండా లోపలికే తిరిగి రావచ్చు. ప్రాణాల మీదికి తెచ్చే విషయం అది.

పాత సిమెంట్ రేకులున్నవాళ్లు కోయించకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, కోసేవాడికీ మనకీ. ఆ వరసలో ఒక రేకుని పగలకుండా తీయించి, దాని చోట అదే గాడి కొలతలో బొక్కతో సహా వచ్చే ఫైబర్ రేకు పెట్టించుకోవచ్చు, టర్బోలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి.

బేరం కుదుర్చుకునేటప్పుడు కొటేషన్ కాగితం మీదే మూడు ముక్కలు రాయించుకోండి: రేకు దేనితో కోస్తారు, పైఅంచు రిడ్జ్ కిందికి దూరుస్తారా లేదా, మొదటి వానాకాలం అయ్యేదాకా కారితే వచ్చి చూస్తారా. మూడోదానికి గ్యారంటీగా కూలిలో ఓ వెయ్యి ఆపుకుంటాం, దసరాకి ఇస్తాం అనండి. మా రెండోతను ఒప్పుకున్నాడు. దసరాకి వచ్చి, రేకు ఎక్కి చూసి, డబ్బు తీసుకుని వెళ్లాడు.